బోర్డు నిలకడకు లీటర్ల లెక్క ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

బోర్డు మీద నిలబడి తెడ్డు వేస్తూ అలలు ఎక్కే స్టాండప్ ప్యాడిల్ సర్ఫింగ్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వేసినందుకు సంతోషం. ఈ ఆట గురించి తెలుగులో రాసేవాళ్లు తక్కువ. అయితే వ్యాసం చివర వేసిన పట్టిక గురించి కొంచెం వివరంగా రాయక తప్పడం లేదు. "మీ బరువును ఒకటిన్నరతో హెచ్చవేయండి, అన్ని లీటర్ల బోర్డు తీసుకోండి, నిలకడ దానంతట అదే వస్తుంది" అని అందులో ఉంది. మొదటి రెండు మాటలతో పేచీ లేదు. మూడో మాట మాత్రం కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఒకే బరువున్న మనిషి, ఒకే 125 లీటర్ల బోర్డులు రెండు. ఒకదాని మీద హాయిగా నిలబడతాడు, రెండోదాని మీద నిమిషానికోసారి నీళ్లలో పడతాడు. ఇది రోజూ జరిగేదే. కారణం లీటర్లలో ఉండదు, ఆ లీటర్లను బోర్డులో ఎక్కడెక్కడ సర్దారన్న దాంట్లో ఉంటుంది.

ముందు లీటర్లు ఏం చెబుతాయో చూద్దాం. బోర్డును పూర్తిగా నీళ్లలోకి నొక్కితే అది ఎంత నీటిని పక్కకు నెడుతుందో అదే దాని వాల్యూమ్. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం పక్కకు జరిగిన నీటి బరువెంతో బోర్డు మోయగల బరువూ అంతే. మంచినీటిలో లీటరుకు ఒక కిలో, సముద్రపు నీటిలో సుమారు కిలో మీద 25 గ్రాములు. 80 కిలోల మనిషిని తీసుకుంటే అతనొక్కడి బరువే లెక్క కాదు. బోర్డు 9 కిలోలు ఉంటుంది. తెడ్డు, లీష్ (బోర్డును కాలికి కట్టే తాడు), తడిసిన బట్టలు కలిపి ఇంకో 2 కిలోలు. మొత్తం 91 కిలోలు. దాన్ని సముద్రంలో మోయడానికి 89 లీటర్ల మేర బోర్డు నీళ్లలో దిగాలి. బోర్డు 125 లీటర్లదైతే 36 లీటర్లు నీటి పైన మిగులుతుంది. లీటర్ల లెక్క వల్ల తేలేది ఈ మిగులు మాత్రమే. చలి తగలకుండా మందపాటి వెట్‌సూట్ అనే రబ్బరు దుస్తులు వేసుకునేవాళ్లు అది పీల్చే నీటి బరువును కూడా కలుపుకోవాలి.

మంచినీటికీ ఉప్పునీటికీ తేడా గురించి చాలామంది అవసరానికి మించి ఆలోచిస్తారు. పై లెక్కలో ఆ తేడా 2 లీటర్ల పైచిలుకు. ఈ సైజు బోర్డు నీటిని తాకే వైశాల్యం సుమారు ఒకటిన్నర చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి మంచినీటిలో అది అదనంగా దిగేది ఒకటిన్నర మిల్లీమీటర్లు. కాలికి కూడా తెలియదు. సరస్సులో బాగా నిలబడి సముద్రంలో పడిపోయేవాళ్లను పడేసేది చిన్నచిన్న అడ్డదిడ్డపు అలలు, ఉప్పు కాదు.

ఇప్పుడు అసలు విషయం. 8 అడుగుల 10 అంగుళాల పొడవు, 31 అంగుళాల వెడల్పు, 4.3 అంగుళాల మందం, 125 లీటర్లు ఉన్న బోర్డు ఒకటి ఉందనుకోండి. దీన్ని రెండు రకాలుగా పెంచి చూద్దాం. మొదటి రకంలో ఆకారం మార్చకుండా మందం అర అంగుళం పెంచుతాం. వాల్యూమ్ 14 లీటర్లకు పైగా పెరిగి 139 దాటుతుంది. రెండో రకంలో మందం అలాగే ఉంచి వెడల్పు ఒక్క అంగుళం పెంచుతాం. వాల్యూమ్ 4 లీటర్లే పెరుగుతుంది. మీ పట్టిక ప్రకారం మొదటి బోర్డే నిలకడైనది. నీళ్లలో మాత్రం రెండోది గెలుస్తుంది.

ఎందుకంటే బోర్డు పక్కకు ఒరిగినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టే శక్తి నీటిని తాకే వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 31 నుంచి 32కు వెళ్తే వెడల్పు పెరిగేది 3 శాతమే, నిలబెట్టే శక్తి మాత్రం 10 శాతం పెరుగుతుంది. 30 నుంచి 32కు వెళ్తే 21 శాతం. పొడవుకు ఈ లాభం లేదు. పొడవు 10 శాతం పెంచితే పక్కవాటు నిలకడ కూడా 10 శాతమే పెరుగుతుంది. ఇక మందం పెంచితే, బరువు మారలేదు కాబట్టి బోర్డు దాదాపు అంతే లోతు దిగుతుంది. పెరిగిన అర అంగుళం నీటిపైనే ఉండి మనిషిని అంత ఎత్తుకు లేపుతుంది. అంటే గురుత్వ కేంద్రం సెంటీమీటరుకు పైగా పైకి పోతుంది, అడుగున ఆసరా మాత్రం పెరగదు. బాగా మందమైన బోర్డు మీద నిలబడితే నీటి మీద తేలే బెండు మీద నిలబడ్డట్టు ఉంటుందని సర్ఫర్లు అంటారు. ఆ మాట వెనక ఉన్న లెక్క ఇదే.

ఓడలు ఎందుకు బోల్తా పడతాయో వివరించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ బూగేర్ 1746లో మెటాసెంటర్ అనే బిందువు భావనను ముందుకు తెచ్చాడు. గురుత్వ కేంద్రం ఆ బిందువుకు కింద ఉంటే ఓడ తనంతట తాను నిలబడుతుంది, పైన ఉంటే ఒరుగుతుంది. పైన చెప్పిన 31 అంగుళాల బోర్డుకు, 80 కిలోల మనిషికి ఈ లెక్క వేస్తే మెటాసెంటర్ బోర్డు పైభాగానికి 60 సెంటీమీటర్ల ఎత్తున పడుతుంది. నిటారుగా నిలబడ్డ మనిషి గురుత్వ కేంద్రం 90 సెంటీమీటర్లకు పైన, నాభి దగ్గర ఉంటుంది. అంటే ఆ బోర్డు మీద మనిషికి బదులు అదే బరువున్న విగ్రహాన్ని నిలబెడితే కచ్చితంగా పడిపోతుంది. మనిషి పడకపోవడానికి కారణం చీలమండలు, మోకాళ్లు, నడుము క్షణక్షణం సర్దుకోవడం. బోర్డు నిలకడ పెరిగేకొద్దీ ఆ సర్దుబాటుకు దొరికే వ్యవధి పెరుగుతుంది. మోకాళ్ల మీద కూర్చోగానే బోర్డు ఒక్కసారిగా బుద్ధిమంతురాలవుతుందే, అది గురుత్వ కేంద్రం మెటాసెంటర్ కిందికి దిగినందువల్ల.

మీ పట్టికలో మనిషి ఎత్తుకు చోటే లేకపోవడం నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించింది. 165 సెంటీమీటర్ల మనిషి, 190 సెంటీమీటర్ల మనిషి ఇద్దరూ 80 కిలోలే అనుకోండి. పొడుగు మనిషి గురుత్వ కేంద్రం దాదాపు 14 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంటుంది. ఇద్దరికీ ఒకే బోర్డు ఇస్తే ఇద్దరికీ ఒకే అనుభవం రాదు. పొడుగువాళ్లకు లీటర్లు పెంచడం కాదు, వెడల్పు ఒక అంగుళం పెంచి ఇవ్వాలి. వీలైతే మందం కొంచెం తగ్గించాలి.

అలాగని లీటర్లు పనికిరావని నా ఉద్దేశం కాదు. అవి ఎక్కడ పనిచేస్తాయో దగ్గరగా చూడండి. నిశ్చల నీటిలో బోర్డు మీద నిలబడి పక్క అంచు చూడాలి. సర్ఫర్లు దీన్ని రెయిల్ అంటారు. అంచు పైభాగం నీటికి 5 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఒక కాలి మీద బరువు వేయగానే అటు అంచు దిగుతుంది, నీటి గీత అంచు మీదుగా పైకి పాకుతుంది. 31 అంగుళాల వెడల్పుకు బోర్డు 7 డిగ్రీలు ఒరిగేదాకా ఆ గీత పైభాగానికి రాదు. అదే అంచు 2 సెంటీమీటర్ల ఎత్తునే ఉంటే 3 డిగ్రీలకే నీళ్లు బోర్డు మీదికి ఎక్కుతాయి. నీళ్లు పైకి ఎక్కిన మరుక్షణం నీటిని తాకే వెడల్పు కోసుకుపోయినట్టు తగ్గిపోతుంది. ఇందాక చెప్పిన ఘనం లెక్క ఇప్పుడు తిరగబడి మన మీదికే వస్తుంది. అప్పటిదాకా మెత్తగా ఎదురు నెట్టిన బోర్డు కాలి కింద నుంచి జారిపోతుంది. కాబట్టి మొదటి కదలికకు ఎదురు నిలిచేది వెడల్పు, చివరిదాకా చెయ్యి వదలకుండా పట్టుకునేది అంచు ఎత్తు. ఆ అంచు ఎత్తును ఇచ్చేది మిగులు లీటర్లు. అదీ అవి అంచుల్లో ఉంటేనే. మొత్తం మందం నడిమధ్యలో పోసి అంచులను పలుచగా చెక్కిన బోర్డుకు కాగితం మీద లీటర్లు ఎన్ని ఉన్నా ఒరిగినప్పుడు అవి అందిరావు.

బోర్డు మధ్య వెడల్పు చూసి మోసపోవడం కూడా మామూలే. 31 అంగుళాలని రాసి ఉన్నది బాగా వెడల్పైన ఒక్క చోటి కొలత. ముక్కు నుంచి ఒక అడుగు లోపల, తోక నుంచి ఒక అడుగు లోపల వెడల్పు ఎంతుందో కూడా టేపుతో కొలవాలి. వెడల్పు సగమైన చోట ఆ భాగం నిలకడకు ఇచ్చేది ఎనిమిదో వంతే. పక్కలు సమాంతరంగా సాగి చివర్లలో మొద్దుగా ముగిసే 30 అంగుళాల బోర్డు, రెండు కొనలూ సన్నబడిన 32 అంగుళాల బోర్డు కంటే నిలకడగా ఉండవచ్చు. పైగా అలల మీద మలుపు తిప్పడానికి పాదం తోక మీదికి వెళ్లాలి. అక్కడ బరువు పడగానే ముక్కు లేస్తుంది, నీటిలో మిగిలేది తోక భాగమే. సూదిలా సన్నబడే పిన్ తోక అయితే ఆ క్షణంలో నిలబడడానికి ఆధారం ఉండదు. చదరంగా ముగిసే స్క్వాష్ తోక కొత్తవాళ్లకు ఎందుకు మేలో దీన్ని బట్టి తెలుస్తుంది. పిన్ తోక పెద్ద, నిటారైన అలల మీద వేగంగా పోయేవాళ్ల కోసం చేసింది.

అడుగు వంపు కూడా చూడాలి. పడవ అడుగులా ముందూ వెనకా పైకి లేచే ఆ వంపును రాకర్ అంటారు. నిటారైన అలలో ముక్కు నీళ్లలో గుచ్చుకోకుండా కాపాడేది అదే. అయితే రాకర్ ఎక్కువైతే నిలబడ్డప్పుడు రెండు కొనలూ గాల్లో ఉంటాయి. 9 అడుగుల బోర్డు అని కొన్నా నీటిని తాకేది అంతకంటే చాలా తక్కువ. వేగమూ రాదు. వేగం లేని బోర్డు ఆగిపోయిన సైకిల్ లాంటిది, కదులుతున్నంతసేపు బాగుండి ఆగగానే ఊగుతుంది. బోర్డు అడుగున బిగించే రెక్కలు, అంటే ఫిన్లు కూడా బోర్డు ముందుకు పోతున్నప్పుడే గట్టిగా పట్టునిస్తాయి. నిలకడ లేదని పెద్ద ఫిన్ బిగిస్తే నిలబడి ఉన్నప్పుడు తేడా పెద్దగా తెలియదు.

అడుగు భాగం విషయానికొస్తే, చదునుగా ఉన్నది లేదా లోపలికి కొద్దిగా గుంటపడిన కాంకేవ్ కొత్తవాళ్లకు నయం. వీ ఆకారం చిన్న ఒత్తిడికే పక్కకు వాలుతుంది. మలుపులు సులువుగా తిరగాలని పెట్టిన గుణం అది. పైభాగం గుమ్మటంలా ఉబ్బిన బోర్డు కంటే చదునైనది, పాదాల చోట కొంచెం పల్లంగా ఉన్నది మేలు. ఒక సెంటీమీటరు కిందికి నిలబడ్డా కలిసొస్తుంది.

గాలి నింపే బోర్డుల గురించి ఒక మాట. 6 అంగుళాల మందంతో అవి మనిషిని మరీ ఎత్తున నిలబెడతాయి. అంచులు గొట్టంలా గుండ్రంగా ఉండి అల ముఖాన్ని, అంటే ముందువైపు వాలును పట్టుకోవు. తయారీదారు 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చెప్పిన చోట పంపు కొట్టలేక 10 దగ్గర ఆపేస్తే బోర్డు పాదాల కింద కుంగి, రెండు కొనలూ లేస్తాయి. అప్పుడు 200 లీటర్ల బోర్డు కూడా ఊగుతుంది. నిశ్చల నీటికి ఇవి మంచివే. అలల్లో నేర్చుకోవాలనుకుంటే గట్టి బోర్డే తీసుకోవాలి.

"ఎక్కువ లీటర్లు ఉంటే నష్టమేముంది" అని మీ వ్యాసంలో ఉన్న ప్రశ్నకు జవాబు అలల్లోనే దొరుకుతుంది. అల ముఖం మీద బోర్డు తిరగాలంటే లోపలి అంచు నీళ్లలో దిగాలి. మిగులు మరీ ఎక్కువైతే మనిషి బరువుకు ఆ అంచు దిగదు. పైపైన జారుతుంది, తోక పక్కకు కొట్టుకుపోతుంది, మనిషి అల వైపు వెల్లకిలా పడతాడు. రెండోది, నిలువు గోడల్లా ఉన్న మందపాటి అంచులను పక్క నుంచి వచ్చే ప్రతి చిన్న అలా తంతుంది. కొంచెం పలుచనైన, గుండ్రని అంచు మీదుగా అదే అల జారిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో 160 లీటర్ల బోర్డు కంటే 130 లీటర్ల బోర్డే నిలకడగా అనిపించడానికి ఇదో కారణం. మూడోది భద్రత. విరిగే అలలు దాటి లోపలికి వెళ్లేటప్పుడు పెద్ద బోర్డును కిందికి నొక్కలేం. అల దాన్ని లాక్కుని వెనక్కి విసురుతుంది. 10 కిలోల బోర్డు లీష్ చివర కొరడాలా తిరుగుతుంది. వెనక మనుషులున్నప్పుడు ఇది ప్రమాదం.

నురగలోనూ ఇలాంటి తికమకే ఉంది. విరిగిన అల నురగలో సగం గాలే ఉండొచ్చు. గాలి కలిసిన నీరు తక్కువ బరువు మోస్తుంది. అందుకే నిశ్చల నీటిలో 5 సెంటీమీటర్లు పైకి తేలే బోర్డు నురగ మధ్యలోకి రాగానే ఒక్కసారిగా కుంగినట్టవుతుంది, తెడ్డుకు కూడా పట్టు దొరకదు. ఆ చోట నిలబడి తెడ్డు వేయబోయి పడేవాళ్లే ఎక్కువ. మోకాళ్లు వంచి, ఒక పాదం వెనక్కి పెట్టి, తెడ్డు ఆకును నీటి మీద బల్లపరుపుగా ఆనించి నురగ దాటేదాకా ఆగాలి. తెడ్డు నీటిలో ఉన్నంతసేపు మూడో కాలు ఉన్నట్టే. గాల్లో పట్టుకుని నిలబడితే రెండు కాళ్లే.

కొత్తగా అలల్లోకి వచ్చేవాళ్లకు, 80 కిలోల మనిషి లెక్కన, 120 నుంచి 135 లీటర్లు, 31 నుంచి 32 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాలు మించని మందం, 9 అడుగుల పైచిలుకు పొడవు సరిపోతాయి. బాగా అలవాటయ్యాక 105 నుంచి 112 లీటర్లు, 29 నుంచి 30 అంగుళాలు. బరువుకు సమానమైన లీటర్లతో నిలబడడం ఏళ్ల సాధన ఉన్నవాళ్ల పని. అలాంటి బోర్డు ఆగి ఉన్నప్పుడు మునిగిపోతుంది, తెడ్డు ఆగకుండా ఆడాలి. చిన్న బోర్డుకు మారేటప్పుడు వెడల్పు, లీటర్లు, పొడవు మూడూ ఒకేసారి తగ్గించడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ముందు పొడవు తగ్గించి వెడల్పు అలాగే ఉంచాలి. తర్వాత ఒక అంగుళం వెడల్పు. ఏ మార్పులోనూ 10, 15 లీటర్లకు మించి తగ్గించకూడదు.

బోర్డు కొనేముందు పదిహేను నిమిషాలు నిశ్చల నీటిలో ఈ పరీక్ష చేస్తే చాలు. బోర్డు మధ్యలో మోయడానికి ఉండే చేతిపిడికి రెండు పక్కలా నడుమంత వెడల్పున పాదాలు పెట్టి, తెడ్డు పైకెత్తి, కదలకుండా నిలబడండి. పక్కనున్న వాళ్లను అంచు దగ్గర నీటి గీత చూడమనండి. నీళ్లు బోర్డు పైకి వస్తుంటే లీటర్లు చాలలేదు. అంచు నీటిపైన పొడిగా ఉండి కూడా బోర్డు పక్కకు ఊగుతుంటే లీటర్లు చాలినట్టే, వెడల్పో ఆకారమో మీకు సరిపోలేదు, లేదా మందం ఎక్కువైంది. అప్పుడు ఇంకో 20 లీటర్లు ఎక్కువున్న బోర్డు కొంటే సమస్య తీరకపోగా పెరగవచ్చు. ముక్కు లేచి తోక మునిగితే బోర్డు తప్పు కాదు, నాలుగు వేళ్లు ముందుకు జరగండి. తర్వాత ఒక పాదం వెనక్కి వేసి సర్ఫింగ్ భంగిమలోకి మారి మళ్లీ చూడండి. ఎందుకంటే అల వచ్చినప్పుడు నిలబడాల్సింది అలాగే.

ఆ పట్టికను మళ్లీ వేసే ఉద్దేశం ఉంటే బరువు పక్కన మనిషి ఎత్తుకు ఒక గడి, లీటర్ల పక్కన మధ్య వెడల్పు, తోక దగ్గరి వెడల్పు, మందం అని మూడు గడులు చేర్చమని కోరుతున్నాను. తయారీదారులు మధ్య వెడల్పును, మందాన్ని బోర్డు మీదే రాస్తారు. తోక దగ్గరి వెడల్పు పాఠకులే టేపుతో కొలుచుకోవాల్సి ఉంటుందని కింద ఒక వాక్యం వేస్తే సరిపోతుంది.

ఇట్లు
మీ పాఠకుడు